మళ్లింపు సాలు

మా ఫ్యాక్టరీలో తయారయ్యేది బోరు మోటారును ఫోనుతో నడిపించే పెట్టె. రైతు ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోను నొక్కితే రెండు మైళ్ల అవతల చేనులో మోటారు తిరుగుతుంది. అనంతపురం జిల్లాలో దీనికి మంచి గిరాకీ ఉంది. ఇదివరకు బోరులో నీళ్లు లేవని తెలుసుకోవడానికి చేను దాకా నడవాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

రాప్తాడు దాటాక హైవే పక్కన ఉన్న రేకుల షెడ్డే మా ఫ్యాక్టరీ. అందులో నేను ట్రాలీ నడుపుతాను. ట్రాలీయే కదా అనుకోవద్దు. నేను ఒక పూట రాకపోతే నలభై మంది ఆడవాళ్లు ఖాళీ డబ్బాల ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మేనేజరు పోయిన వేసవిలో పదకొండు రోజులు సెలవు పెట్టాడు, ఎనిమిదో రోజు గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటర్ రెండో ఏడాదిలో చదువు మానేశాను. మా లెక్చరరు ఇప్పటికీ బాధపడుతుంటాడని నాకు గట్టి నమ్మకం. నా సంగతి అంతవరకు చాలు. ఇది తిప్పమ్మ కథ.

తిప్పమ్మది గార్లదిన్నె దగ్గర పల్లె. మాదీ అదే. వరుసకు నాకు అత్త, వయసుకు నలభై ఆరు. పన్నెండో ఏట గొర్రు వెనక నడవడం మొదలుపెట్టింది. ముందు ఎద్దులు, ఎద్దుల వెనక గొర్రు, గొర్రు వెనక జడ్డిగం గరాటులోకి వేరుశనగ గింజలు వదులుతూ తిప్పమ్మ. గింజకూ గింజకూ మధ్య ఎడం మారకూడదు. గొర్రు గీసే సాలు మధ్యలో చేయి ఆగకూడదు. ఆగితే అక్కడ మొలక రాదు. పది రోజులకు చేనంతా పచ్చగా లేచినప్పుడు ఆ సందు పన్ను ఊడిన నోరులా కనబడుతుంది, ఆ రోజు విత్తింది ఎవరో ఊరంతా చెప్పగలుగుతుంది. తిప్పమ్మ విత్తిన చేనులో సందు చూసినవాళ్లు లేరు. ఒక ఏడాది బెళుగుప్ప వైపు నుంచి ఒక రైతు ఆమె ఒక్కదాని కోసం లారీ పంపాడు. ఊళ్లో ఈ మాట ఎవరూ నమ్మరు. ఆ లారీ డ్రైవరు ఇప్పుడు లేడు కాబట్టి నా మాటే సాక్ష్యం.

తరువాత ట్రాక్టరు వచ్చింది, గింజలు అదే వదలడం మొదలుపెట్టింది. తిప్పమ్మ చెట్లు పీకింది, కాయలు ఒలిచింది, ఉపాధి పనిలో కుంటలు తవ్వింది. చివరికి కుడి మోకాలు మొండికేసింది. అరగంట నిలబడితే టెంకాయంత ఉబ్బుతుంది. అట్లాంటి సమయంలో మా ఫ్యాక్టరీవాళ్లు ఆడవాళ్లు కావాలని పల్లెల్లో ఆటోకు మైకు కట్టి తిప్పారు. పరీక్ష పెట్టారు. అయిదు రకాల చిన్న చిన్న సామాన్లు కలిపి పళ్లెంలో పోసి, పది నిమిషాల్లో వేరు చెయ్యమన్నారు. తిప్పమ్మ నాలుగు నిమిషాల్లో వేరు చేసి, ఇంకా ఉంటే తెమ్మంది. మిగతావాళ్ల పళ్లేలు కూడా ఆమే చేసేసిందని నేను అందరికీ చెబుతుంటాను. ఒకరిది చేసిన మాట మాత్రం నిజం.

అట్లా ముప్పై నాలుగేళ్ల కూలి తరువాత తిప్పమ్మకు కూర్చుని చేసే పని దొరికింది. వీపు ఆనుకునే కుర్చీ. ఊళ్లో ఎవరైనా అడిగితే ఉద్యోగం వచ్చిందని చెప్పేది కాదు, "నాకు కుర్చీ ఇచ్చినారు" అనేది. మొదటి నెల టీ టైములో కూడా లేచేది కాదు. లేస్తే ఇంకెవరైనా కూర్చుంటారేమోనని భయం. టీ నేనే తెచ్చిచ్చేవాణ్ని.

మొదటి రోజు ఒక గొడవ జరిగింది. మా పనిలో ఒంట్లో ఉండే కరెంటు సామాన్లకు తగలకుండా మణికట్టుకు పట్టీ వేసి, దాని వైరు బల్లకు తగిలిస్తారు. లైన్ లీడరు రెబెకా వచ్చి పట్టీ వెయ్యబోతే తిప్పమ్మ చేయి వెనక్కు తీసుకుంది.

"నన్నెందుకు కట్టేస్తాండావు పాపా? నేనేం దూడనా, యాడికన్నా పారిపోయేదానికి?"

రెబెకా అనంతపురం పిల్ల. పాలిటెక్నిక్ చదివింది, ఇరవై నాలుగేళ్లు. ఓపిక మాత్రం అరవై ఏళ్లవాళ్లకు ఉన్నంత. పట్టీ తన చేతికి కూడా వేసుకుని చూపించింది. ఆ తరువాత చిన్న వేలంత నల్ల కెపాసిటర్ ఒకటి తెచ్చి, దాని మీద తెల్ల గీత చూపించి, ఈ గీత ఎప్పుడూ కుడి పక్కకే ఉండాలని చెప్పింది. తిరగేసి పెడితే వెంటనే ఏమీ కాదు, దీపం కూడా వెలుగుతుంది. కొన్నాళ్లకు ఉబ్బి పేలుతుంది. అట్లా పేలినదాన్ని కూడా చూపించింది. తిప్పమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పుచ్చిన వేరుశనగ కాయలాగే ఉందంది. బోర్డు మీద పెట్టేవి మొత్తం పద్నాలుగు. మిగతా పదమూడూ తిరగేస్తే రంధ్రాల్లోకి దిగవు. ఈ ఒక్కటే ఎటైనా దిగుతుంది.

ఆరు నెలలు సాఫీగా నడిచాయి. ఆ తరువాత తెరలు వచ్చాయి.

ఒక్కో బల్ల మీద ఒక్కో టచ్ స్క్రీన్ బిగించారు. బోర్డు మీద అంటించిన చీటీని తెర కింది కెమెరాకు చూపిస్తే బోర్డు బొమ్మ వస్తుంది. మొదట ఏ డబ్బాలోది ఎక్కడ పెట్టాలో అక్కడ పసుపు చుక్క మినుకుతుంది. పెట్టాక కింద ఉన్న ఆకుపచ్చ గుర్తును వేలితో తాకాలి. తాకితే రెండో చుక్క వస్తుంది. అట్లా పద్నాలుగు. చదువు రానివాళ్లు కూడా తప్పు చెయ్యకుండా పని చెయ్యొచ్చన్నారు, నిజమే. ఆ వారంలో ఎవరు ఎన్ని బోర్డులు చేశారో హాలు చివర పెద్ద టీవీలో పేరుతో సహా కనబడుతుంది. మేనేజరు రాఘవేంద్ర అందరినీ నిలబెట్టి ఒక నిబంధన చెప్పాడు. మూడు వారాలు చూస్తారు. మూడో శనివారం నాటికి చివర ఉన్న ఆరుగురిని ప్యాకింగుకు పంపుతారు. జీతం అదే.

ప్యాకింగులో బల్లలు ఎత్తు. కుర్చీలు లేవు. ఎనిమిది గంటలూ నిలబడి అట్టపెట్టెలు మడవాలి. మిగతా ముప్పై తొమ్మిది మందికి అది వేరే గది. తిప్పమ్మకు మాత్రం ఊరికి తిరిగి వెళ్లే దారి.

మొదటి రోజు తిప్పమ్మ మొదటి సామాను పెట్టి ఆకుపచ్చ గుర్తును తాకింది. తెర కదల్లేదు. మళ్లీ తాకింది. గట్టిగా నొక్కింది. రుద్దింది. పక్క బల్ల సారా వచ్చి తాకితే టక్కున మారింది. తిప్పమ్మ తాకితే మళ్లీ మామూలే. కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ల కొనలు చెప్పు అడుగులా బిరుసెక్కాయి. చెమట కూడా రాదు. తెరకు కావాల్సింది మెత్తటి తడి వేలు. నాలుక మీద అద్దుకుని తాకబోతే, ఎంగిలి తగిలితే బోర్డు పాడవుతుందని రెబెకా ఆపింది.

"ఇది నా చేతిని మనిషి చేయి అనుకోలేదప్పా" అంది తిప్పమ్మ నాతో, టీ తీసుకుంటూ. కోపంగా ఏం అనలేదు. వానలు పడలేదని చెప్పినట్టు చెప్పింది.

ఒక్కో గుర్తుకు అయిదారు సార్లు తాకాల్సి వచ్చేది. రోజుకు అందరూ వంద బోర్డులు చేస్తుంటే ఆమెవి అరవై రెండు. మొదటి వారం ముగిసేసరికి టీవీలో ఆమె పేరు అట్టడుగున ఉంది. నలభైమందిలో నలభయ్యోది. టీవీ తయారుచేసినవాళ్లు ఇంకో వరుస పెట్టి ఉంటే అందులోకి కూడా దిగేది.

అప్పుడు పరిష్కారం చెప్పింది నేనే. ఆ ఘనత ఎవరికీ ఇవ్వను. బెంగళూరు నుంచి ఇంజనీర్లు వచ్చి పోయారు, వాళ్లకు తట్టలేదు.

"అత్తా, ఏలు పెట్టొద్దు. మొటిక పెట్టు. మనవడికి మొట్టికాయ పెడతావు చూడు, అట్ల."

తిప్పమ్మ వేలు మడిచి తెరకు ఒక మొట్టికాయ పెట్టింది. చుక్క మారింది. మొటిక మీది చర్మం కాయలు ఒలవలేదు కదా. ఆ పూట నుంచి హాలులో ముప్పై తొమ్మిది మంది తెరలను తాకుతుంటే, ఒక్క తెర మాత్రం మొట్టికాయలు తింటూ కూర్చుంది.

అయినా లెక్క ఎనభై దాటలేదు. చిక్కు ఇంకోచోట ఉంది. ఒక సామాను పెట్టడం, ఆపడం, మొట్టడం. ఇంకొకటి పెట్టడం, ఆపడం, మొట్టడం. పన్నెండో ఏట నుంచి సాలు మధ్యలో ఆగని చేయి అది. ఆగిన ప్రతిసారీ మళ్లీ కదలడానికి కొంచెం టైము తీసుకునేది.

రెండో వారం మధ్యలో తిప్పమ్మ తెర చెప్పే వరుసను పక్కన పెట్టేసింది. పది బోర్డులు బల్ల మీద వరుసగా పరిచింది. మొదటి డబ్బాలోవి పిడికెడు తీసుకుని ఎడమ నుంచి కుడికి పదింటిలోనూ వేసుకుంటూ పోయింది. తరువాత రెండో డబ్బా. అట్లా పద్నాలుగు సాళ్లు. పదీ నిండాక, ఒక్కో చీటీని కెమెరాకు చూపిస్తూ బోర్డుకు పద్నాలుగు చొప్పున నూట నలభై మొట్టికాయలు ఆగకుండా పెట్టేసింది. దానికి మూడు నిమిషాలు పట్టేది. నూట నలభై మొట్టికాయల చప్పుడు వింటే రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టుండేది. వాచ్‌మన్ ఒకసారి బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చాడని నేను చెబితే అతను ఒప్పుకోడు.

రెబెకా చూసింది. ఒక్కో బోర్డునే పూర్తి చెయ్యాలన్నది నిబంధన. చూసి, పక్క బల్ల వైపు తిరిగి నిలబడింది. ఆ రోజు తిప్పమ్మ లెక్క నూట నాలుగు. మరుసటి రోజు నూట పది. మూడో వారం గురువారానికి టీవీలో ఆమె పేరు మూడో వరుసకు వచ్చింది. తిప్పమ్మ టీ టైములో కుర్చీలోంచి లేచి నడిచింది. నేను చూడడం అదే మొదలు.

ఇక శుక్రవారం. ఒక్క రోజు గడిస్తే జాబితా. నూట ఇరవై చేసి తీరాలని తిప్పమ్మ పట్టు పట్టింది. సాలు కుడి చివరకు చేరాక చేయి ఖాళీగా ఎడమకు తిరిగి రావడం ఆమెకు దండగ అనిపించింది. చేనులో ఎద్దులు ఖాళీగా తిరిగి రావు. గట్టు దగ్గర మళ్లి, పక్క సాలు విత్తుకుంటూ వస్తాయి. అందుకని పది బోర్డులను రెండు వరుసలు చేసింది. కింది వరుస అయిదు పోయే సాలు, పై వరుస అయిదు వచ్చే సాలు. మళ్లింపులో ఎద్దుల ముఖాలు అటు తిరుగుతాయి కాబట్టి పై వరుస బోర్డులను కూడా తలకిందులుగా తిప్పి పరిచింది. అట్లా తిప్పమని ఎవరూ చెప్పలేదు. ఎందుకు తిప్పావని అడిగినా చెప్పలేకపోయేది. మా ఊళ్లో ఎవరిని కూర్చోబెట్టినా అట్లాగే పరిచేవాళ్లు. నేను ట్రాలీ ఆపి చూసి, బాగుందత్తా అని కూడా అన్నాను.

మధ్యాహ్నం అన్నానికి ముందే అరవై బోర్డులు అయ్యాయి. తెరలో అన్నీ ఆకుపచ్చ గుర్తులే. సోల్డరు యంత్రంలోంచి పోయాయి. పరీక్ష బల్ల మీద దీపాలు వెలిగాయి. పెట్టెల్లోకి వెళ్లాయి. వాటిని ప్యాకింగుకు తోసుకెళ్లింది నేనే.

అన్నాలయ్యాక తిప్పమ్మ ఏడో విడత పది బోర్డులూ పరిచి, డబ్బాలో చేయి పెట్టబోతుండగా రెబెకా అటు వచ్చింది. బోర్డులు చూసి నవ్వింది.

"ఏమక్కా, వీళ్లలో సగంమంది శీర్షాసనం ఏసినారే" అని, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

తిప్పమ్మ చేయి డబ్బాలోనే ఆగింది. తలకిందులుగా ఉన్న బోర్డులను చూసింది. ఒక కెపాసిటర్ తీసి, తెల్ల గీత కుడికి పెట్టి పై వరుస బోర్డులో దించింది. తరువాత బోర్డును మామూలుగా తిప్పింది. గీత ఎడమకు వచ్చింది. మళ్లీ తిప్పింది, మళ్లీ చూసింది. ఎన్నిసార్లు తిప్పినా గీత ఎడమకే వచ్చింది.

నన్ను పిలిచి, పొద్దున్నవి యాడున్నాయని అడిగింది. పెట్టెల్లో ఉన్నాయి, నాలుగింటికి లారీ అన్నాను. సంగతి చెప్పింది. నేను ట్రాలీ పక్కకు లాగి, వంగి, నాకు తెలిసిన లోకజ్ఞానమంతా ఆమె చెవిలో పోశాను. పరీక్షలో దీపం వెలిగింది. తెరలో ఆకుపచ్చ గుర్తు పడింది. రేపు జాబితా, నీ పేరు మూడోది. ఇప్పుడు నోరు విప్పితే ఆ ముప్పై నీ లెక్కలోంచి పోతాయి, పది పది బోర్డులు చేసిన సంగతీ బయటపడుతుంది, కుర్చీ పోతుంది. అయినా మన జిల్లాలో ఎవరి బోరులో నీళ్లున్నాయి గనుక? మోటారు తిరిగితే కదా అది పేలేది?

తిప్పమ్మ అంతా విన్నది. నా మాటలు ఆమె అంత శ్రద్ధగా వినడం కూడా అదే మొదలు.

"నీళ్లుండే బోరు ఒకటన్నా ఉంటాది కదరా ఆంజీ. మనది పొయ్యి దాంట్లోనే పడతాది."

"పడితే మాత్రం, నువ్వు చేసినావని ఎవురికి తెలుస్తాది అత్తా?"

"అదే నాకు బాగలేదు. చేన్లో సందు పెడితే పది దినాలకు బయటపడతాది. ఎవురు పెట్టిందో ఊరంతా చెప్తారు, నేను తల దించుకుంటా. దీంట్లో ఎవురికీ తెలీదు. వానికి మాత్రం పంట పోతాది."

చెప్పి, పట్టీ ఊడదీసి, రెబెకా దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది. రెబెకా అంతా విన్నది. తాను పక్కకు తిరిగి నిలబడిన సంగతి కూడా దీనితోపాటు బయటకు వస్తుందని ఆ పిల్లకు అర్థమైంది. అయినా తిప్పమ్మ చేయి పట్టుకుని మేనేజరు గదికి తీసుకెళ్లింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి నేను అటువైపు తోసుకెళ్లాల్సిన సామాను చాలా ఉందని గుర్తు చేసుకున్నాను.

రాఘవేంద్ర మాకు పరాయివాడేం కాదు. వాళ్ల నాయనకు ఇప్పటికీ మెట్ట చేను ఉంది. అరవడు. అరిచేవాళ్లయితే నయం.

"ఎన్ని?" అన్నాడు.

"ముప్పై సార్."

"నీకెట్ల తెలుసు ముప్పై అని?"

"పోయే సాలు మంచిదే సార్. వచ్చే సాలు తప్పు. ఆరు మళ్లింపులు, మళ్లింపుకు అయిదు."

సాలు అంటే ఏమిటో రాఘవేంద్రకు చెప్పాల్సిన పని లేదు. బోర్డుల్లో అది ఎట్లా దూరిందన్నదే చెప్పాల్సి వచ్చింది. రెబెకా తన వంతు కూడా చెప్పింది. ఆయన కంప్యూటరులో పొద్దున లెక్క తీశాడు. మిగతా అందరి బోర్డులకూ నాలుగైదు నిమిషాలకు ఒకటి చొప్పున గుర్తులు పడ్డాయి. తిప్పమ్మ పేరు ఎదుట అరగంట పాటు ఏమీ లేదు, ఆ తరువాత మూడు నిమిషాల్లో పది బోర్డులు. మళ్లీ అరగంట ఏమీ లేదు. ఆరు గుంపులు. ఒక్కో గుంపులో చివరి అయిదు చీటీల నంబర్లు రాసుకుంటే ముప్పై వచ్చాయి. నిబంధన ప్రకారం ఒక్కొక్కటే చేస్తూ ఈ తప్పు జరిగి ఉంటే ఏది తప్పో తెలుసుకోవడానికి లారీ మొత్తం విప్పాల్సి వచ్చేది. ఆ మాట రాఘవేంద్ర పైకి అనలేదు. నాకు తట్టింది, అందుకే రాస్తున్నాను.

ఒక్కొక్క బోర్డు చెయ్యకుండా ఇట్లా ఎందుకు చేశావని అడిగాడు. తిప్పమ్మ తన వేలికి తెర కదలని సంగతి చెప్పింది. ఆయన నమ్మక గదిలో ఉన్న తెరను తన వేలితో తాకాడు. పని చేసింది. ఆమెను తాకమన్నాడు. పని చెయ్యలేదు. మళ్లీ తను తాకాడు. పని చేసింది. తెర అమ్మిన బెంగళూరు కంపెనీకి ఫోను చేశాడు. గ్లౌజులు వేసుకున్నారా అని వాళ్లు అడిగారు. లేదన్నాడు. సరిగా చూసి చెప్పమన్నారు. రాఘవేంద్ర తిప్పమ్మ చేయి పట్టుకుని వేళ్ల కొనలను దగ్గరగా చూసి, లేదనే చెప్పి, ఫోను పెట్టేశాడు.

నాలుగింటి లారీ అయిదున్నరకు కదిలింది. ముప్పై పెట్టెలు వెతికి కిందికి దించింది నేనే. దానికి ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

ఆ ముప్పై బాగు చెయ్యడానికి మనిషి లేడు. చెడిపోయిన బోర్డులు విప్పి సరిచేసే బల్ల హాలు మూలన ఉంది. దాని మీద పని చేసే గంగప్ప పది రోజుల కిందటే ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. అతను వదిలేసిన బోర్డులే రెండు వందల దాకా కుప్ప పడి ఉన్నాయి. కొత్తవాడు దొరికేదాకా వీటినీ అక్కడే పెట్టమన్నాడు రాఘవేంద్ర.

"నేను పెట్టిన సందు నేనే నాటుతా సార్" అంది తిప్పమ్మ. "మా తావున అంతే. పుల్ల తీసుకోని పొయ్యి, పొడిచి పొడిచి గింజ ఏసొస్తాం. దానికి కూలి అడగం."

శనివారం పొద్దున రెబెకా ఆమెను మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, సోల్డరు పుల్ల పట్టుకోవడం నేర్పింది. వేడి కొన పెట్టి పాత సోల్డరు కరిగించాలి, కెపాసిటర్ లాగాలి, కొత్తది గీత చూసి దించాలి, మళ్లీ సోల్డరు వెయ్యాలి. మొదటి నాలుగు రెబెకా చేసింది. అయిదోది తిప్పమ్మ. వేడిగా ఉన్న సామానును పట్టకారుతో లాగాలని రెబెకా చెబుతుండగానే తిప్పమ్మ వేళ్లతో లాగి పళ్లెంలో వేసింది. రెబెకా కెవ్వుమంది. తిప్పమ్మ ఎందుకని అడిగింది. ఆ వేళ్లకు తెర తగలనట్టే వేడి కూడా తగల్లేదు. ఆ వేళ్ల మీద టీ కాచుకోవచ్చని నేను ఒక పందెం ప్రతిపాదించాను. ఎవరూ ముందుకు రాలేదు.

రెండింటికల్లా ముప్పయ్యీ అయ్యాయి. పరీక్ష బల్ల మీద దీపాలు వెలిగాయి. ఈసారి రెబెకా దీపాన్ని నమ్మకుండా ఒక్కో గీతనూ కళ్లతో చూసింది. తిప్పమ్మ తన బల్లకు తిరిగి వెళ్లలేదు, టీవీలో ఆ రోజు ఆమె లెక్క సున్నా. వెళ్లమని ఎవరూ చెప్పలేదు కూడా. గంగప్ప కుప్పలోంచి ఒక బోర్డు తీసుకుంది.

నాలుగింటికి జాబితా అంటించారు. చివరి ఆరు పేర్లు. తిప్పమ్మ నన్ను చూసి రమ్మంది. చూసి వచ్చాను. మంచి అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది. ఆమె ముఖం చూశాక బయటకు రాలేదు.

"ఆరోది నీదే అత్తా."

తల ఊపింది. చేతిలో ఉన్న బోర్డు పూర్తి చేసి, ఇంకొకటి తీసుకుంది.

రెబెకాకు కూడా ఒక మెమో వచ్చింది. మూల బల్లకు ఒక కాలు పొట్టి. రెబెకా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాని కింద దూర్చింది. బల్ల ఊగడం మానేసింది.

అయిదు కావస్తుండగా రాఘవేంద్ర అటు వచ్చాడు. బాగైన ముప్పై బోర్డులు ఒక పక్కన, వాటి పక్కన గంగప్ప కుప్పలోవి పదకొండు. ఒకటి ఎత్తి చూశాడు, ఇంకొకటి చూశాడు. తిప్పమ్మ లేవబోయింది. వద్దని చేయి ఊపాడు.

"సోమవారం నుంచి ప్యాకింగ్ అమ్మా."

"తెలుసు సార్."

ఆయన వెళ్లలేదు. అక్కడే నిలబడి కుప్ప వైపు చూశాడు. నేను ట్రాలీకి నూనె పెట్టడం మొదలుపెట్టాను. దానికి నూనె అక్కర్లేదు.

"ఇవి ఎన్నుండాయి?" అన్నాడు.

"నూటా తొంబై దాకా ఉంటాయి సార్."

"ముందు అవి కానీ. అవి అయినంక ప్యాకింగుకు పో."

ఇది జరిగి ఏడాది దాటింది. ఆ కుప్ప ఇంకా అవ్వలేదు. లైను మీద రోజూ పది పన్నెండు బోర్డులు చెడిపోతుంటాయి. తిప్పమ్మ రోజూ పది పన్నెండు బాగు చేస్తుంటుంది. ఆ మూల బల్ల మీద తెర లేదు. ఆ కుర్చీకి వీపు ఉంది, కొంచెం పగిలినా ఆనుకోవడానికి పనికొస్తుంది. ఆమె తలచుకుంటే ఆ కుప్పను నాలుగు రోజుల్లో ఖాళీ చేస్తుందని లైనులో కొందరు అంటుంటారు. నేను ఏమీ అనను. పొద్దున్నే చెడిపోయిన బోర్డులను ఆ మూలకు తోసుకెళ్లేది నేనే, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. రాఘవేంద్ర నెలకోసారి వచ్చి ఎన్ని మిగిలాయని అడుగుతాడు. తిప్పమ్మ నూటా తొంబై దాకా అంటుంది. ఆయన అట్లనే కానీ అని వెళ్లిపోతాడు.

ఆఫీసు రికార్డు ప్రకారం మాత్రం తిప్పమ్మ ప్యాకింగులో ఉంది.